విన్యా తొందోనియా: ఒక స్పానిష్ ద్రాక్షతోట వారసత్వం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్పెయిన్ దేశంలోని రియోహా ప్రాంతానికి చెందిన హారో పట్టణంలో 1877లో ‘ఆర్. లోపెజ్ దె ఎరేదియా’ అనే వైన్ తయారీసంస్థ ఆరంభమైంది. నాలుగు తరాలుగా అది స్థాపకుని వంశీయుల చేతిలోనే ఉంది. ఈ సంస్థను మార్పెరుగని స్పానిష్ సంప్రదాయానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. అయితే ఆ సంప్రదాయాన్ని విడదీసి చూస్తే అందులోని ప్రధానాంశాలు చాలావరకు బయటి నుంచి వచ్చినవే అని తెలుస్తుంది. ఒకనాటి కొత్త పద్ధతి ఏ పరిస్థితులలో, ఎవరి నిర్ణయాల వల్ల వారసత్వంగా స్థిరపడిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రియోహా, హారో, విన్యా తొందోనియా, ఫిలోక్సెరా, ద్రాక్షసాగు, వారసత్వం, కుటుంబసంస్థ.

1. ఉపోద్ఘాతం:

వారసత్వం అనే మాట రెండర్థాలలో వాడుకలో ఉంది. తండ్రి నుంచి బిడ్డలకు సంక్రమించే ఆస్తి ఒకటి. ఒక సమాజం తనదిగా భావించి కాపాడుకునే జ్ఞానం, నైపుణ్యం, కట్టడాలు మరొకటి. మొదటిదాన్ని దస్తావేజులో రాసి ఇవ్వవచ్చు. రెండవదాన్ని అలా ఇవ్వడం సాధ్యం కాదు. ప్రతి తరం దాన్ని నేర్చుకోవాలి, దానికయ్యే ఖర్చు భరించాలి, కొన్ని సందర్భాలలో లాభాన్ని వదులుకోవాలి. ఈ రెండర్థాలు ఒకేచోట కలిసే సందర్భాలు చరిత్రలో అరుదు. హారోలోని లోపెజ్ దె ఎరేదియా కుటుంబసంస్థ అటువంటి అరుదైన ఉదాహరణలలో ఒకటి. ఊరిపేరులోని మొదటి హకారాన్ని స్పానిష్ వారు పలకరు. వారి నోట అది ‘ఆరో’ అని వినిపిస్తుంది. ఈ వ్యాసంలో లిఖితరూపాన్నే అనుసరించడం జరిగింది.

2. తెగులు, రైలుమార్గం, వ్యాపారం:

రియోహా స్పెయిన్ ఉత్తరభాగంలో ఎబ్రో నది వెంట వ్యాపించిన ప్రాంతం. ఇక్కడ ద్రాక్షసాగు ప్రాచీనమైనదే అయినా, పీపాలలో ఏళ్ల తరబడి నిల్వచేసి అమ్మే నేటి రియోహా వైన్ 19వ శతాబ్దపు సృష్టి. దాని వెనుక ప్రధానంగా మూడు కారణాలున్నాయి.

మొదటిది ఫ్రాన్సులో వచ్చిన విపత్తు. 1860 దశకంలో అక్కడి ద్రాక్షతీగలు అంతుచిక్కని రీతిలో ఎండిపోసాగాయి. వేర్లలోని రసం పీల్చే ఫిలోక్సెరా అనే సూక్ష్మకీటకమే దీనికి కారణమని 1868లో వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయన సహచరులు గుర్తించారు. ఆ పురుగు అమెరికా నుంచి తెచ్చిన ద్రాక్షమొక్కలతో పాటు ఐరోపాకు చేరింది. తోటలు నశించడంతో ఫ్రెంచి వ్యాపారులు వైన్ కోసం సరిహద్దు దాటి రియోహాకు వచ్చారు.

రెండవది రైలుమార్గం. బిల్బావో ఓడరేవును తుదేలాతో కలిపే రైలుమార్గం 1863లో హారోను తాకింది. అంతవరకు కొండదారుల్లో బళ్లమీదా కంచరగాడిదల మీదా సాగిన సరకు రైలు ద్వారా నేరుగా రేవుకు చేరసాగింది. ఆ కాలపు తయారీశాలలు ఊరి నడుమ కాక రైలు స్టేషను చుట్టూ వెలిశాయి. ‘బరియో దె లా ఎస్తసియోన్’, అంటే స్టేషనుపేట అనే పేరు అలా వచ్చిందే.

మూడవది సుంకాల సడలింపు. 1882లో ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం స్పానిష్ వైన్‌కు ఫ్రెంచి విపణిని సులభంగా తెరిచింది. ఆ పదేళ్లూ హారోకు మహోన్నతదశ. 1890లో వీధులకు విద్యుద్దీపాలు వచ్చాయి. 1891లో పట్టణానికి నగరహోదా దక్కింది. 1892లో వైన్ పరిశోధనకేంద్రం ఏర్పడింది.

3. స్థాపకుడు, తయారీశాల:

సంస్థను స్థాపించిన రఫాయెల్ లోపెజ్ దె ఎరేదియా ఇ లందేతా దక్షిణ అమెరికాలోని చిలీ రాజధాని సంతియాగోలో జన్మించారు. యువకుడిగా హారో చేరిన ఆయన, అక్కడ తిరుగుతున్న ఫ్రెంచి వ్యాపారుల వద్ద బోర్దో పద్ధతిని గ్రహించారు. పండిన వైన్‌ను 225 లీటర్ల ఓక్ చెక్క పీపాలలో నింపడం, అడుగున చేరిన మడ్డిని వదిలిపెట్టి పైతేటను మరో పీపాలోకి మార్చుతూ రావడం, ఏళ్ల తరబడి ఓపికపట్టడం ఆ పద్ధతిలోని ముఖ్యాంశాలు. రియోహాలో అంతకుముందే కొందరు ప్రభువర్గీయులు, ముఖ్యంగా మార్కెస్ దె రిస్కాల్, మార్కెస్ దె మురియెతా ఈ దిశలో ప్రయోగాలు చేశారు. రఫాయెల్ ఆ విధానాన్నే స్టేషనుపేటలో పెద్దఎత్తున అమలుచేశారు.

1877లో ఆరంభమైన నిర్మాణం ఒక్క విడతలో పూర్తికాలేదు. నేలపై రాతికట్టడాలు లేస్తుండగా, నేలకింద ఇసుకరాతిని మనుషులు చేతిపనిముట్లతో తొలిచి సొరంగాలు ఏర్పరచారు. కాలంతో నిమిత్తం లేకుండా చల్లదనం, తేమ నిలిచి ఉండే ఈ సొరంగాలే సంస్థకు ప్రాణం. కట్టడాల మీద ఎత్తుగా కనిపించే చెక్కబురుజు పేరు ‘చోరి తోకి’. బాస్క్ భాషలో పక్షుల నెలవు అని దాని అర్థం.

4. తెగులు తరువాతి తోట:

ఫ్రాన్సు కష్టం మీద వచ్చిన సంపద ఎక్కువకాలం నిలవలేదు. ఫ్రెంచి రైతులు కొత్త తోటలు వేసుకున్నారు. 1892లో వాణిజ్య ఒప్పందం ముగిసి సుంకాలు పెరిగాయి. 1899లో ఫిలోక్సెరా రియోహాలోనే బయటపడింది. పొరుగుదేశపు నష్టంతో బాగుపడిన పట్టణం అదే పురుగుకు బలి కావలసివచ్చింది. తీగలు పోగొట్టుకున్న కుటుంబాలలో పలువురు వలసబాట పట్టారు.

పురుగు ఏ ఖండం నుంచి వచ్చిందో మందు కూడా అక్కడి నుంచే వచ్చింది. అమెరికా జాతి ద్రాక్షల వేర్లు ఫిలోక్సెరాను తట్టుకోగలవు. కాబట్టి ఆ వేరుమొక్క మీద ఐరోపా రకపు కొమ్మను అంటుకట్టడం ఒక్కటే మార్గమైంది. దానికి పాతతోటను పూర్తిగా పీకివేయాలి, భూమిని కొత్తగా సిద్ధంచేయాలి, కాపు కోసం ఏళ్లు ఎదురుచూడాలి. అటువంటి కాలంలో 1913-14 ప్రాంతంలో రఫాయెల్ ఎబ్రో నది కుడిగట్టున, నది వంపు తిరిగినచోట, నూరు హెక్టార్లకు పైబడిన విన్యా తొందోనియా తోటను నాటించారు. ఒండ్రు, బంకమట్టి, సున్నపురాయి కలిసిన నేల అది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. సంస్థ పుట్టిన 36 ఏళ్ల తరువాతనే దాని ప్రసిద్ధమైన తోట పుట్టింది. రైతుల నుంచి పండ్లు కొని వైన్ చేయడమే అప్పటి వ్యాపారులలో ఎక్కువమంది అనుసరించిన మార్గం. తెగులు ఆ మార్గంలోని బలహీనతను బయటపెట్టింది. తోట తనదైతేనే వైన్ తనదవుతుందన్న నిర్ణయం అనుభవం నేర్పిన పాఠం. కుబియో, బొస్కోనియా, సకోనియా అనే మరి మూడు తోటలతో కలిపి కుటుంబానికి నేడు సుమారు 170 హెక్టార్లున్నాయి. చాలావరకు వైన్‌లకు వాటి తోటపేరే గుర్తింపు.

తీగల పెంపకమూ పాతరీతిలోనే సాగుతున్నది. తీగెలను కమ్ములకు పాకించకుండా, పొట్టిగా కత్తిరించి పొదలుగా పెంచుతారు. అందువల్ల కోతకు యంత్రం పనికిరాదు, గెలలను చేత్తోనే కోయాలి. ఎర్రరకాలలో తెంప్రానియోదే సింహభాగం. గర్నాచా, గ్రసియానో, మసువేలో దానికి తోడవుతాయి. తెల్లవైన్‌కు వియురా, మల్వసియా రకాలను వాడతారు.

5. చెక్క, చీకటి, కాలం:

పండ్లరసం పెద్ద ఓక్ తొట్లలో పులుస్తుంది. తరువాత అది చేరే పీపాలు సంస్థ ఆవరణలోనే తయారవుతాయి. అమెరికా నుంచి తెప్పించిన ఓక్ చెక్కను ఆరుబయట ఆరబెట్టి, కోసి, నిప్పుమీద వంచి పీపాలుగా బిగించే పనివారు నేటికీ అక్కడ ఉన్నారు. ఈ వృత్తిని తన ఆవరణలోనే నిలుపుకొన్న సంస్థలు స్పెయిన్‌లో బహుకొద్ది. సొరంగాలలో సుమారు 13,000 పీపాలున్నాయి. వాటిలో చాలాభాగం పాతవి. పాతపీపా వైన్‌కు చెక్కవాసనను అంతగా అంటనివ్వదు. చెక్క సందుల గుండా గాలిని కొద్దికొద్దిగా సోకనివ్వడమే దాని పని. వైన్‌ను తేటపరచడానికి కోడిగుడ్ల తెల్లసొన వాడతారు.

రియోహా నియమావళి ప్రకారం ‘రెసెర్వా’ అనే ఎర్రవైన్‌కు మూడేళ్ల నిల్వ, అందులో కనీసం ఒక ఏడాది పీపాలో ఉండటం తప్పనిసరి. ‘గ్రాన్ రెసెర్వా’కు అయిదేళ్ల నిల్వలో రెండేళ్లు పీపాలో గడవాలి. తొందోనియా ఎర్రవైన్ రెసెర్వా పీపాలోనే సుమారు ఆరేళ్లు, గ్రాన్ రెసెర్వా సుమారు పదేళ్లు గడుపుతుంది. ఆ తరువాత సీసాలో మరికొన్నేళ్లు ఉంటుంది. అంటే ఈ ఏడాది కోసిన పండు మీద పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి దశాబ్దానికి పైగా పడుతుంది.

సొరంగాలలో పాతసీసాలు నిల్వచేసే భాగాన్ని ‘శ్మశానం’ అని వ్యవహరిస్తారు. అక్కడ బూజు పట్టిన గోడలను కడగరు, సాలెగూళ్లను దులపరు. ఇది అశ్రద్ధ కాదు. సీసాల బిరడాలను తొలిచే చిమ్మటలను సాలెపురుగులు తింటాయి. గోడల మీది బూజు తేమను నిలకడగా ఉంచడానికి తోడ్పడుతుందని సంస్థవారి భావన.

తెలుగు కావ్యవిమర్శలో నోట వేసుకోగానే రసమిచ్చే కవితను ద్రాక్షాపాకమని, పీచు ఒలిచి, పెంకు పగలగొడితే గాని రుచి అందని కవితను నారికేళపాకమని అంటారు. ఆ పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ ద్రాక్షను కాలం నారికేళపాకంగా మారుస్తున్నది.

6. మార్పుల నడుమ నిలకడ:

1970ల తరువాత రియోహాలో తయారీవిధానం వేగంగా మారింది. ఉక్కుతొట్లు, చల్లని ఉష్ణోగ్రతలో పులియబెట్టడం, కొత్త ఫ్రెంచి ఓక్ పీపాలు, తక్కువకాలపు నిల్వ ప్రవేశించాయి. తాజాపండు రుచి కలిగిన తెల్లవైన్, చిక్కని ముదురురంగు ఎర్రవైన్ విపణిలో గౌరవం పొందాయి. ఈ మార్పులు వచ్చిన కాలంలో స్థాపకుని మనుమడు పెద్రో లోపెజ్ దె ఎరేదియా సంస్థ బాధ్యత వహించారు. అప్పటి అభిరుచికి కాలంచెల్లినవిగా కనిపించిన పద్ధతులను ఆయన విడిచిపెట్టలేదు. ముఖ్యంగా ఏళ్ల తరబడి పీపాలో ఉంచే తెల్లవైన్‌ను కొనసాగించడం ఆనాటి విపణికి ఎదురీదడమే. తరువాతి దశాబ్దాలలో అదే వైన్‌కు దేశదేశాల ఆదరణ లభించింది.

దీన్ని బట్టి ‘సంప్రదాయం’ అనే గుర్తింపు ఎలా ఏర్పడుతుందో గ్రహించవచ్చు. 1877లో బోర్దో పద్ధతి హారోకు నవీనం. చుట్టూ ఉన్నవారు అదే పద్ధతి పాటించినంతకాలం అది సాధారణం. ఇతరులు వదిలిపెట్టిన తరువాతనే అది సంప్రదాయమైంది.

అలాగని ఈ కుటుంబం కొత్తదనానికి పూర్తిగా విముఖమని చెప్పలేము. 1910 నాటి బ్రస్సెల్స్ అంతర్జాతీయ ప్రదర్శన కోసం స్థాపకుడు చేయించిన చెక్కమండపం చాలాకాలం తరువాత తిరిగి వెలుగుచూసింది. దాన్ని నిలపడానికి ఇరాక్‌లో పుట్టిన వాస్తుశిల్పి జహా హదీద్ చేత కొత్తకట్టడం రూపకల్పన చేయించారు. 2006లో పూర్తయిన ఆ కట్టడం వైన్ వంపే గాజుకూజాను తలపిస్తుంది. పాతమండపం దాని గర్భంలో ఉంది.

7. యాజమాన్యం - వారసత్వానికి ఎదురయ్యే ప్రశ్న:

ప్రస్తుతం సంస్థను నాలుగవ తరానికి చెందిన మరియా హోసే, మెర్సెదెస్, హూలియో సెసార్ నడుపుతున్నారు. కుటుంబ యాజమాన్యం దానంతటదే నిలిచేది కాదని సమీపచరిత్ర చెబుతున్నది. అదే స్టేషనుపేటలో 1901లో పుట్టిన బొదేగాస్ బిల్బాయినాస్ 1997లో కతలోనియాకు చెందిన కొదోర్నియు చేతికి వెళ్లింది. 1551 నాటి పత్రాలలో ద్రాక్షసాగుదారులుగా కనిపించే కుటుంబానికి చెందిన ఆ కొదోర్నియులోనే 2018లో అధికవాటా కార్లైల్ అనే అమెరికన్ పెట్టుబడిసంస్థకు దక్కింది. తరాలు గడిచేకొద్దీ వాటాదారులు పెరుగుతారు. తోట మీద పనిచేసేవారి సంఖ్య మాత్రం అలా పెరగదు. భూమిని లాభంగా మాత్రమే చూసే వారసులు ఎక్కువైనప్పుడు అమ్మకం సహజపరిణామమవుతుంది.

పదేళ్ల తరువాత గాని అమ్మని సరకును సొరంగాలలో ఉంచుకోవడం త్వరితలాభం కోరే పెట్టుబడికి సులభం కాదు. కాబట్టి తొందోనియా విషయంలో తయారీపద్ధతి, కుటుంబ యాజమాన్యం ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. యాజమాన్యం చేయిమారితే కట్టడాలు మిగులుతాయి, పేరు మిగులుతుంది. పీపాలు బిగించే చేతులు, పదేళ్ల నిరీక్షణ మిగులుతాయని చెప్పలేము.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. రియోహా వైన్ నేటి రూపం ఫ్రాన్సులో వచ్చిన తెగులు, రైలుమార్గం, సుంకాల ఒప్పందం అనే మూడు చారిత్రక కారణాల ఫలితం.

2. విన్యా తొందోనియా తోట సంస్థ కంటే 36 ఏళ్లు చిన్నది. అది విపత్తు తరువాతి పునర్నిర్మాణం.

3. చిలీలో పుట్టిన స్థాపకుడు, ఫ్రెంచి పద్ధతి, అమెరికన్ ఓక్, అమెరికన్ వేరు కలిసిన దానినే నేడు అచ్చమైన స్పానిష్ వారసత్వంగా లోకం గుర్తిస్తున్నది. ఇది ఆ వారసత్వానికి లోపం కాదు. ప్రామాణికత పుట్టుకలోని స్వచ్ఛత మీద కంటే కొనసాగింపులోని నిష్ఠ మీద ఆధారపడుతుందనడానికి ఇది సాక్ష్యం.

4. వారసత్వం ఒక్కసారి సంక్రమించి ఊరుకునేది కాదు. 1913లో తోట నాటడం, 1970ల తరువాత పీపాలను వదలకపోవడం ఆయా తరాలవారు నష్టానికి సిద్ధపడి తీసుకున్న నిర్ణయాలు.

అంటుకట్టిన ద్రాక్షతీగలో వేరు ఒక ఖండానిది, కొమ్మ మరొక ఖండానిది. కాపు మాత్రం ఆ నేలది, ఆ నేలను ఏటేటా సాగుచేసే మనుషులది. తొందోనియా చరిత్రను స్పానిష్ చరిత్రగా పరిగణించడానికి ఆధారం ఇదే.