బడి పంతులు ఉద్యోగమూ మూడో నంబరు జీవో

మన్యంలో తెల్లదొరల సర్కారు మనవాళ్లకు చూపించిన పని రోడ్డు కూలి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లకు సరిగా కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించాడు. 1922లో గాం గంటందొర, మల్లుదొర అల్లూరి వెంట నడవడానికి ఆ కడుపుమంట కూడా ఒక కారణం.

తరవాత బళ్లు వచ్చాయి. పంతుళ్లు ఎక్కువగా మైదానం నుంచి వచ్చారు. వాగు పొంగితే బడికి తాళం. వచ్చినవారికి కోయ, కువి, సవర రావు. పిల్లలకు తెలుగు రాదు.

అందుకే 1986 నవంబరు 5న 275వ నంబరు జీవో వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అంది. రాజ్యాంగం అయిదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారమే దానికి ఆధారం. 1989లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. 2000 జనవరి 10న అదే మాట మూడో నంబరు జీవోగా తిరిగొచ్చింది. తాముగాని తలిదండ్రులుగాని 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉంటున్నవాళ్లే స్థానికులని షరతు పెట్టింది. ఇంటరు తరవాత ఏం చదవాలని అడిగితే, టీచరు ట్రైనింగని మన ఊళ్లలో తడుముకోకుండా చెప్పేవారు.

మనలో మనం ఒక మాట అనుకోవాలి. ఆ జీవో బడికే వర్తించింది. ఆసుపత్రి నర్సు, ఫారెస్టు గార్డు, కరెంటాఫీసు గుమాస్తా దాని కింద లేరు. చదివిన పిల్లలు చాలామంది ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు.

2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌తో ఊరు దాటలేని రోజుల్లో, సుప్రీంకోర్టు ఆ గుమ్మం మూసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని అయిదుగురు న్యాయమూర్తులు తేల్చారు. రెండు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు వేశారు. 1997 సమత తీర్పులో ఇదే కోర్టు, ఇదే అయిదో షెడ్యూలు చూపి, మన ప్రాంతపు గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వొద్దంది. నేల విషయంలో అక్కరకొచ్చిన షెడ్యూలు బడి విషయంలో రాలేదు. నాకైతే ఇది నేటికీ మింగుడుపడదు.

ఇక మిగిలింది మామూలు ఎస్టీ కోటా: ఆంధ్రలో 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. అందులో మైదానపు ఎస్టీలతోనూ పోటీ పడాలి.

అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను కోర్టు ఉంచింది, కానీ షరతుతో. ప్రభుత్వాలు మళ్లీ ఇలాంటి జీవో తెచ్చి పరిమితి దాటితే 1986 నుంచి జరిగిన ఆ నియామకాలకూ రక్షణ ఉండదంది. వాళ్లింకా మన బళ్లలో పాఠాలు చెబుతున్నారు. రిటైరయ్యాక ఆ కుర్చీలోకి వచ్చే మనిషికి పిల్లల మాట తెలిసుండాలని అడిగే జీవో ఇప్పుడు లేదు.