ఒక ఇల్లు, కొన్ని కిలోవాట్లు

పుదుచ్చేరి పట్టణంలోని ముదలియార్‌పేటకు చిరకాలం గుర్తింపు తెచ్చింది 1898లో మొదలైన ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు. అది 2020లో మూతపడింది. మిల్లు నడిచిన రోజుల్లో పేటలో విద్యుత్ భారమంటే ప్రధానంగా మిల్లుదే. సామాన్యుడి ఇంటికి నాలుగు దీపాలు, ఒకటి రెండు పంకాలు చాలేవి. ఇప్పుడు భారం ఇళ్లలోకి చేరింది.

కనెక్షన్ ఇచ్చిన నాడు శాఖ రాసుకునే అంకె ఒకటుంది: మంజూరైన లోడు. ఒక కిలోవాట్ అనో, రెండనో ఉంటుంది. తండ్రి కాలంలో రాసిన ఆ అంకె మారకుండానే కొడుకు కాలానికి ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి వచ్చి చేరతాయి. ఏసీకి ఒకటిన్నర కిలోవాట్లు, మిగతా రెంటికీ చెరో రెండు. మూడూ ఒకేసారి నడిస్తే 230 వోల్టుల వద్ద దాదాపు 24 ఆంపియర్లు. పాత తీగ దానికి వేసింది కాదు. పింగాణీ ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే అందులో లావుపాటి రాగి తీగ చుట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడిక ఫ్యూజు పోదు, గోడలోని తీగ కాలుతుంది. మెయిన్ స్విచ్ ఒక్కటి పెద్దది పెట్టుకున్నా ఫలితం అంతే. లోడు పెంచుకోవడమంటే సర్వీసు తీగ మారాలి, అవసరమైతే త్రీఫేజ్ మీటరు రావాలి, డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఒక్కో సర్క్యూట్‌కు ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి.

ప్రభుత్వాలకు ఈ పని మీద ఆసక్తి తక్కువ. 1988-89 నాటి కుటీర జ్యోతి నిరుపేద ఇంటికి ఒక్క దీపం ఇచ్చింది. 2017 నాటి సౌభాగ్య పథకం గడపగడపకూ కనెక్షన్ అన్నది. రెండూ లెక్కపెట్టింది కనెక్షన్లనే. లోడు పెంపునకు శిలాఫలకం వేసిన నాయకుడు లేడు! కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనలు సైతం 5 కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లను లీకేజీ రక్షణ పరికరం నుంచి మినహాయించాయి. కాగితం మీద లోడు తక్కువున్న ఇంటికి రక్షణా తక్కువేనన్నమాట.

శిక్ష విషయంలో మాత్రం చట్టం ఏమరుపాటు చూపలేదు. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ అనధికార వినియోగానికి జరిమానా చార్జీ నిర్దేశించింది. 2007 సవరణ దానిని రెట్టింపు టారిఫ్‌కు పెంచింది. ఒడిశాలోని సీతారాం రైస్‌మిల్లు కేసులో మంజూరు లోడుకు మించి వాడటమూ అనధికార వినియోగమేనని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. వినియోగదారుల హక్కుల నిబంధనలు వచ్చింది 2020 చివర్లో. లోడు మార్పునకు గడువు విధించినవి అవే. స్మార్ట్ మీటరున్న ఇంట్లో ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు పరిమితి దాటితేనే మంజూరు లోడు పెంచాలని 2023 సవరణ చెప్పింది. ఆలస్యమైనా, మేలైన మాట.

దరఖాస్తు అందుకునేది ఎవరన్న ప్రశ్న పుదుచ్చేరిలో రాజకీయమైంది. ఇక్కడ పంపిణీ ప్రభుత్వ శాఖ చేతిలో ఉంది. కేంద్రపాలిత ప్రాంతాల్లో పంపిణీని ప్రైవేటుకిస్తామని 2020 మేలో కేంద్రం ప్రకటించింది. నాటి నారాయణస్వామి ప్రభుత్వం వ్యతిరేకించింది. తర్వాత వచ్చిన రంగస్వామి ప్రభుత్వం 2022 సెప్టెంబరులో టెండర్లు పిలిచింది. ఉద్యోగులు సమ్మెకు దిగారు, పట్టణంలో చీకట్లు కమ్మాయి, కేంద్ర బలగాలు వచ్చాయి. తెలంగాణ గవర్నరుగా ఉంటూనే పుదుచ్చేరి బాధ్యతలూ చూస్తున్న తమిళిసై సౌందరరాజన్ అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు. తెలుగువారి యానాం భవితవ్యమూ ఆ టెండరులోనే ఉంది.

శాఖను ఆదర్శంగా చూపనక్కర్లేదు. పాత తీగలూ, నిండిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లూ దాని హయాంలోవే. టారిఫ్ ఇప్పటికే గురుగ్రామ్ కేంద్రంగా ఉన్న సంయుక్త విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తోంది. కానీ వీధిలో పది ఇళ్లు లోడు పెంచుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి. శాఖ ఉన్నంతకాలం పేటవాసి ఆ మాట శాసనసభ్యుణ్ణి అడగగలడు, ఓటు నాడు గుర్తుచేయగలడు. కంపెనీ వస్తే అది కమిషన్ ముందుకు వెళ్లే పెట్టుబడి ప్రణాళికలో ఒక పద్దు అవుతుంది. ఆ ఖర్చు మళ్లీ టారిఫ్‌లోనే కలుస్తుంది.