ఎట్ల తెలిసింది, బిడ్డా?

సాయంత్రం నాలుగున్నర దాటింది. జనగామ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఇది. కింది తరగతుల పిల్లలు ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు. పదో తరగతి గదిలో మాత్రం స్పెషల్ క్లాసు. ఉడకబెట్టిన శనగలు తిన్న గిన్నెలు వరండాలో కుళాయి కింద కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఫిబ్రవరి నెల. పరీక్షలు నెత్తి మీదికి వచ్చాయి. రండి, వెనక నుంచి రెండో బెంచీలో చోటుంది. కొంచెం జరగమంటే జరుగుతారు.

ఇంగ్లిష్ టీచరమ్మ వచ్చింది. చేతిలో గైడు లేదు, క్వశ్చన్ బ్యాంకూ లేదు. బోర్డు మీద ఒకే వాక్యం రాసింది: ‘ద ప్లోగర్ మిల్గెడ్ ఎ స్నార్బ్ ఇన్ ద టర్గీ.’

“చదవండి” అంది. గదంతా గట్టిగా చదివింది.

“హూ మిల్గెడ్ ద స్నార్బ్?”

“ప్లోగర్!”

“వాట్ డిడ్ ద ప్లోగర్ మిల్గ్?”

“స్నార్బ్!”

“వేర్?”

“ఇన్ ద టర్గీ!”

“మూడుకు మూడు కరెక్ట్. ఇంతకీ ఏం జరిగింది?”

ఎవరూ నోరు తెరవలేదు. మన బెంచీలోని అబ్బాయి ముందున్నవాడి భుజం మీదుగా డిక్షనరీ అందుకున్నాడు. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి అప్పటికే వెతికేసింది. “మేడం, గా మాటలు డిక్షనరీల లేవు” అంది.

“ఉండయి బిడ్డా. నేనే కట్టిన. వాటికి అర్థమే లేదు.”

నవ్వులు. అవి సద్దుమణిగాక టీచరమ్మ నెమ్మదిగా చెప్పింది: “అర్థం లేని వాక్యానికి మూడు జవాబులు చెప్పిండ్రు. రోజూ ప్యాసేజ్‌ల మనం చేస్తున్నది గిదే.”

ఇప్పుడు ఈ పిల్లల ముఖాలు చూడండి. ఇన్నాళ్లుగా చేస్తున్న పని ఏమిటో వాళ్లకు తెలిసిపోయింది. ప్రశ్నలోని మాటను పట్టుకోవడం, అదే మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో వెతకడం, ఆ వాక్యాన్ని మొత్తంగా ఎత్తి జవాబు కింద దించడం. హూ అంటే క్రియకు ముందున్న పేరు, వేర్ అంటే ఇన్ తరువాత ఉన్న మాట. ఈ కిటుకుతో కొన్ని మార్కులు వస్తాయి. అందుకే అది అంత తేలిగ్గా వదలదు. ‘వై’ అని, ‘హౌ డు యూ నో’ అని, ‘మీరైతే ఏం చేస్తారు’ అని అడిగిన చోట మాత్రం అది చేతులెత్తేస్తుంది. 2014–15లో పదో తరగతికి నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పటి నుంచి ఇలాంటి ప్రశ్నలకే పెద్దపీట వేయాలన్నది ఉద్దేశం. గైడు మాత్రం పాత దారినే పట్టుకుంది.

రెండో వాక్యం బోర్డు మీద పడింది. ఈసారి అన్నీ తెలిసిన మాటలే: ‘ద మ్యాన్ హూ సోల్డ్ ద గోట్ లెఫ్ట్.’

“హూ లెఫ్ట్?”

సగం గది “మ్యాన్” అంది, సగం గది “గోట్” అంది. మేక అన్నవాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కారు. తెలుగులో ‘మేకను అమ్మిన మనిషి’ అంటాం. మనిషి గురించిన ముచ్చటంతా ముందే అయిపోతుంది, మనిషి చివర వచ్చి క్రియ పక్కన నిలబడతాడు. ఇంగ్లిష్‌లో మనిషి ముందొస్తాడు, ముచ్చట వెనకొస్తుంది. లెఫ్ట్ దగ్గరికి వచ్చేసరికి పక్కన కనిపించేది మేకే. టీచరమ్మ ‘హూ సోల్డ్ ద గోట్’ చుట్టూ చాక్‌పీసుతో గీత గీసి, దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. “ఇప్పుడు చదవండి.” ద మ్యాన్ లెఫ్ట్. గదంతా ఒక్కటే జవాబు. పొడుగు వాక్యం కనబడగానే బెదిరిపోయే పిల్లలకు ఆ అరచెయ్యి ఒక సాధనం. పెన్సిల్‌తో బ్రాకెట్ పెట్టి, లోపలిది కాసేపు పక్కన పెట్టి, బయట మిగిలింది చదివితే వాక్యం వెన్నెముక దొరుకుతుంది.

అసలు ప్యాసేజ్ ఇప్పుడు వస్తోంది. ఆరు వాక్యాలు, టీచరమ్మ సొంతంగా రాసినవి. ఒక ముసలామె బ్యాంకుకు వచ్చింది. సంచీలోంచి పాస్‌బుక్ తీసి, పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయికిచ్చి ఎంత ఉందో చూడమంది. అమ్మాయి చెప్పింది. ఆమె తల ఊపి, ఫారం కూడా నింపి పెట్టమంది. కౌంటర్ దగ్గర గుమాస్తా నల్ల ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు. కాసేపటికి ముసలామె బొటనవేలు కొంగుకు తుడుచుకుంటూ బయటికి నడిచింది.

“మొదట బాణాలు” అంది టీచరమ్మ. ‘షి’ అని ఉన్న ప్రతిచోట నుంచి అది ఎవరిని చెబుతోందో ఆ పేరు దాకా బాణం గీయాలి. ఇద్దరూ ఆడవాళ్లే కాబట్టి షి నాడెడ్ అన్నచోట తల ఊపింది ఎవరో తేల్చుకోవాలి. మన పక్కవాడు కాలేజీ అమ్మాయి వైపు బాణం గీశాడు. వాక్యం చివరిదాకా చదివాడు, ఫారం నింపమని అడిగింది ముసలామే కదా అని చెరిపేసి మళ్లీ గీశాడు. ముందుకు చదివి వెనక్కి సర్దుకోవడం వాడికి పట్టుబడుతోంది.

మొదటి రెండు ప్రశ్నలూ నిమిషంలో అయిపోయాయి. మూడోది: ముసలామెకు చదువు వచ్చా? ఎట్ల తెలిసింది?

“మేడం, థర్డ్ క్వశ్చన్ అవుట్ ఆఫ్ సిలబస్” అన్నాడు ఒకడు.

“ప్యాసేజ్‌ల రీడ్ అన్న మాటే లేదు మేడం” అంది ఇంకో అమ్మాయి.

కిటికీ పక్కన అమ్మాయి లేచింది. “చదువు రాదు మేడం. పాస్‌బుక్ వేరేటోళ్లకిచ్చి చూడమన్నది కద.”

“అద్దాలు మర్చిపోయి వచ్చిందేమో!” వెనక నుంచి ఒక గొంతు.

“మంచిగ అడిగినవ్ రా. ఇప్పుడెట్ల? ఎవరి మాట నిలబడ్తది?”

గది వేడెక్కింది. అద్దాలు మర్చిపోయినా ఫారం నింపమనే అడుగుతారు. ఆ వాక్యం ఎటూ తేల్చదు. ఇంకో క్షణానికి మూడో బెంచీ నుంచి వచ్చింది: “సంతకానికి అద్దాలెందుకు మేడం? మా నాయనమ్మకు చదువు రాదు గని సంతకం పెడ్తది. ఈమె అది గూడ పెట్టలే. ఏలిముద్ర ఏసింది.”

“వేలిముద్ర వేసిందని ఏ లైన్ల ఉంది?”

ఏ లైన్లోనూ లేదు. ఐదో వాక్యంలో ఇంకు ప్యాడ్ ఉంది, ఆరో వాక్యంలో తుడుచుకున్న బొటనవేలు ఉంది. ఆ రెండింటి నడుమ జరిగినదాన్ని చదివేవాళ్లే పూరించుకోవాలి. ఆ పిల్లవాడు రెండు లైన్ల మీదా వేళ్లు పెట్టి చూపించాడు. ప్యాసేజ్‌లో రాయని సంగతిని ప్యాసేజ్‌తోనే రుజువు చేశాడు. పరీక్షల భాషలో దీన్ని ఇన్‌ఫరెన్స్ అంటారు. గైడులో దీనికి రెడీమేడ్ జవాబు ఉండదు.

ఈ వాదనంతా తెలుగులోనే జరిగింది. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు ఏమిటని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవారు ముఖం చిట్లించవచ్చు. అర్థం మాత్రం ఇక్కడే, ఈ తెలుగు మాటల్లోనే పుట్టింది. పుట్టాక టీచరమ్మ బోర్డు మీద ఇంగ్లిష్ తొడుగు ఇచ్చింది: ‘ఐ థింక్ షి కుడ్ నాట్ రీడ్ బికాజ్…’ తలలు వంగాయి, పెన్నులు కదిలాయి. స్పెల్లింగులు అక్కడక్కడా తప్పుతున్నాయి. అయినా ఒక్కరూ ప్యాసేజ్ నుంచి వాక్యం ఎత్తి రాయడం లేదు. చెప్పవలసిన సంగతి తమ దగ్గరే ఉంది కాబట్టి ఆ అవసరం రాలేదు.

ఇంకో కాగితం పంచారు. పత్తికి పట్టే గులాబీ రంగు పురుగు గురించి. మాటలు కష్టంగానే ఉన్నాయి: లార్వా, బోల్, ఇన్‌ఫెస్టేషన్. ఇంతసేపూ నోరు విప్పని చివరి బెంచీ అబ్బాయిని చూడండి. ప్రీ ఫైనల్‌లో ఇంగ్లిష్‌లో 35 దాటని పిల్లవాడు. ఇప్పుడు ముందుకు వంగి, పక్కవాళ్లకు చెబుతున్నాడు: పురుగు కాయ లోపలికి పోతదని, బయట నుంచి చూస్తే కాయ మంచిగనే కనబడ్తదని, అందుకే రైతుకు ఆలస్యంగా తెలుస్తదని. ‘వై డస్ ద ఫార్మర్ నోటీస్ ఇట్ లేట్?’ అన్న ప్రశ్నకు క్లాసు ఫస్ట్ వచ్చే అమ్మాయి ఇంకా వెతుకుతుండగానే వాడు జవాబు రాసేశాడు.

ఇది ఏదో వింత కాదు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ప్యాసేజ్ ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో దిట్టలై ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గుర్తుంచుకొని చెప్పగలిగారు. ఊహ అందేది తెలిసిన లోకానికే. అలాగని పిల్లలకు పత్తి చేను గురించే ఇస్తూ కూర్చోలేం. పరీక్షలో మంచు కొండో, అంతరిక్ష నౌకో రావచ్చు. కాబట్టి రోజూ పేపర్ చదవడం, సైన్సు, సోషల్ శ్రద్ధగా చదవడం కూడా ఇంగ్లిష్ ప్యాసేజ్ ప్రాక్టీసే.

మాటల బలం కూడా కావాలి. డిక్షనరీ సాయం లేకుండా ఒక కథ చక్కగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని 2000లో హు, నేషన్ అనే పరిశోధకులు తేల్చారు. మన ముందు బెంచీ అమ్మాయి కాగితం మీద లైనుకు మూడు మాటల కింద గీతలు గీసుకుంది. ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్లవలసింది ఇంకా తేలికైన ప్యాసేజ్. కష్టమైనవి రుద్దితే మళ్లీ ప్లోగర్ దగ్గరికే పోతుంది. టీచరమ్మ గమనించింది, ఏడో తరగతి వాచకం తెచ్చుకొని చదవమని మెల్లగా చెప్పింది.

ఐదున్నర అయింది. గోడ మీద చార్టు వేలాడదీశారు, బస్సుల టైం టేబుల్. జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, హనుమకొండ. ప్రశ్న: నువ్వు రఘునాథపల్లిలో ఎక్కాలి, తొమ్మిదిన్నరకు హనుమకొండలో పరీక్ష, అరగంట ముందే గేటు దగ్గర ఉండాలి. ఏ బస్సు? జవాబు పట్టికలో రాసి లేదు, పట్టికలో నుంచి లెక్క కట్టాలి. ఇలాంటి పనులతోనే ఇంగ్లిష్ నేర్పవచ్చని ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో ప్రయోగం చేశారు. బెంగళూరు ప్రాజెక్టుగా దానికి పేరు, 1987లో ఆయన పుస్తకం వచ్చింది. టైం టేబుళ్లు, మ్యాపులు ముందు పెట్టి, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చే పనులు ఇచ్చేవారు. ఈరోజు ప్రపంచమంతా చెప్పుకునే టాస్క్ ఆధారిత బోధనకు తొలి అడుగుల్లో అది ఒకటి. మన దక్షిణాది మామూలు బడుల్లోనే ఆ పని జరిగింది.

చివరి పావుగంట వాచకానికి. ఈ పుస్తకంలో ‘జమైకన్ ఫ్రాగ్మెంట్’ అనే పాఠం ఉంది, రచయిత ఎ.ఎల్. హెండ్రిక్స్. దారిన పోయే ఒకాయన ఇద్దరు పిల్లలను చూస్తాడు. తెల్ల పిల్లవాడు హుకుం ఇస్తుంటే నల్ల పిల్లవాడు చేస్తుంటాడు. ఆయన మనసు చివుక్కుమంటుంది. జాతి గురించి పెద్ద నిర్ణయానికే వచ్చేస్తాడు. మర్నాడు చూస్తే హుకుం ఇచ్చేది నల్ల పిల్లవాడు, చేసేది తెల్ల పిల్లవాడు. అది వంతులవారీ ఆట.

“ఆయన తప్పు ఏంది?” అడిగింది టీచరమ్మ.

“ఒక్క దినం చూసి చెప్పిండు మేడం.”

“మనం?”

“ఒక్క లైను చూసి రాస్తం మేడం.”

గది ఇంతసేపూ దేని చుట్టూ తిరిగిందో ఆ పిల్లవాడి నోట వచ్చేసింది. పిల్లలు బ్యాగులు సర్దుకుంటున్నారు. టీచరమ్మ పరీక్ష రోజుకు పాటించవలసినవి చెబుతోంది, మనమూ రాసుకుందాం. ప్యాసేజ్ మొదట ఆగకుండా ఒకసారి చదవాలి. తరువాత ప్రశ్నలు. మళ్లీ ప్యాసేజ్, ఈసారి పెన్సిల్‌తో. ప్రతి జవాబుకూ ఆధారం ఏ లైన్లో ఉందో అంచున నంబర్ వేసుకోవాలి. ఆధారం దొరకకపోతే ఆ జవాబు మీద అనుమానం పెట్టుకోవాలి. తెలియని మాట వస్తే ఆగిపోకుండా దాని ముందు వెనకలు చదవాలి. జవాబు సొంత వాక్యంలో రాయాలి.

పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఈ ప్రాక్టీసు మీరు చేయించవచ్చు. రోజుకు ఒక్క ప్యాసేజ్ చదివించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. చెప్పినదానికి “ఎట్ల తెలిసింది?” అని అడగండి. పిల్లలు లైను మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, మార్కుల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. టీచర్లకు ఒక విన్నపం. పరీక్షలకు మిగిలిన రోజుల్లో పాత ప్రశ్నపత్రాలు ఎన్ని చేయించామన్న లెక్క పక్కన పెట్టి, వారానికి రెండు ప్యాసేజ్‌ల మీదైనా పిల్లలను తనివితీరా వాదించుకోనివ్వండి. అర్థం చేసుకొని చదవడం వచ్చిన పిల్లలకు ఇంటర్ పుస్తకం, బ్యాంకు ఫారం, కోర్టు నోటీసు, మందు సీసా మీది చీటీ అన్నీ లొంగుతాయి. బడి ఇవ్వగలిగిన వాటిలో ఇంతకంటే ఎక్కువ కాలం పనికొచ్చేది ఇంకొకటి లేదు.