తోళ్ల బేరగాడు పేరయ్య



ఒంగోలు ప్రాంతపు సంఘాల చరిత్ర అనగానే మనకు క్లౌ దొర గుర్తొస్తాడు. కానీ ఆ పల్లెల్లో ముందు నడిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్లకొండపాడు, ఒంగోలుకు చాలా దూరం. మాదిగ కులస్థుడు. తోళ్ల బేరం మీద ఉత్తరాన ఏలూరు దాకా తిరిగేవాడు. సువార్త అతని చెవిన పడింది ఆ తిరుగుడులోనే. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు.

అంతకుముందే పేరయ్య యోగమార్గం అభ్యసించాడు, ఇతరులకు నేర్పాడు కూడా. అతన్ని గురువుగా ఎంచిన వాళ్లున్నారు. అలాంటివాడు తిరిగొచ్చి, నేను చెప్పినదానికంటె గొప్ప సంగతి విన్నాను, రండి, మీరూ వినండి అని వాళ్లనే పిలిచాడు. గురుపీఠం మీద కూర్చున్నవాడికి ఇది ఎంత కష్టమో, ప్రసంగాలు చేసే మావంటి వాళ్లకు బాగా తెలుసు.

మాల మాదిగలను అణిగిమణిగి ఉండమని ఊరు ఎప్పుడూ చెప్తూనే వచ్చింది. దాన్ని వినయం అనకూడదు. అది ఇతరులు మెడ వంచడం. పేరయ్యది వేరు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల పని ఆపకుండా, వాళ్ల మాటల్లోనే యేసును గురించి చెప్పేవాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వచ్చేనాటికి చుట్టుపక్కల పల్లెలవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ విడత 28 మంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడే దొరకు పరీక్ష వచ్చింది. ఒంగోలులో పై కులాలవారు కొందరు వాక్యం వింటున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామన్నారు. క్లౌ దొర, దొరసాని వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. పేరయ్య మనుషులనే చేర్చుకున్నారు. పైవాళ్లు దూరమయ్యారు.

విశ్వాసులకూ సుఖంగా జరగలేదు. ఆదివారం పనికి రాము, జాతరలో డప్పు కొట్టము, చచ్చిన గొడ్డు మాంసం తినము అన్నందుకు పెద్దలు పగబట్టారు. కూలి పోయింది, దెబ్బలూ పడ్డాయి. అయినా ఇరుగుపొరుగు పల్లెలవాళ్లు వీళ్ల ముఖాలు చూసి, మీకేం దొరికిందని అడుగుతూ వచ్చారు. దెబ్బలు తిన్న ఇంట్లో పాట వినబడితే ఎవరికైనా అడగాలనిపిస్తుంది కదా!

తర్వాత గొప్ప కరువు, 1876-78. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని జనానికి పని చూపాడు. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. క్లౌ దొర గట్టు మీదే ఉన్నాడు.