రైలుపెట్టె దేహము: బలము, బలహీనత

ధర్మవరము నుండి పెనుకొండ మీదుగా బెంగుళూరు పోవు రైలుమార్గమున 19 నెలల వ్యవధిలో రెండు ఘోర ప్రమాదములు జరిగినవి. 2012 మే 22న పెనుకొండ స్టేషనులో ఆగియున్న గూడ్సుబండిని హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొనగా 20 మందికి పైగా మరణించిరి. 2013 డిసెంబరు 28న కొత్తచెరువు వద్ద నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ పెట్టెలో మంటలు చెలరేగి 26 మంది మరణించిరి. మొదటిది ఢీకొనుట వలన కలిగినది. రెండవదానిలో ఢీకొనుటయే లేదు. రైలుపెట్టె ఈ రెండు ఆపదలకును ఓర్వవలసియున్నది.

ముందుగా ఢీకొనుటను గూర్చి చూతము. 40 టన్నుల పెట్టె గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు దాని గతిజశక్తి 20 లక్షల జౌళ్లు. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లై 80 లక్షల జౌళ్లగును. బండి హఠాత్తుగా ఆగినపుడు ఈ శక్తిలో అధికభాగము పెట్టెల దేహమును వంచుటకును, చీల్చుటకును ఖర్చగును.

పూర్వము ఇనుప చట్రముపై కొయ్యపెట్టెను నిలిపెడివారు. ఢీకొన్నపుడు ఒక పెట్టె చట్రము పైకి లేచి పక్కపెట్టెలోనికి, దూరదర్శిని గొట్టములు ఒకదానిలో ఒకటి దూరినట్లు, చొచ్చుకొని పోయెడిది. 1915లో స్కాట్లండులోని క్వింటిన్స్‌హిల్ వద్ద కొయ్యపెట్టెలు నుగ్గై, దీపముల గ్యాసు అంటుకొని, 200 మందికి పైగా మరణించిరి.

ఉక్కుపెట్టెలు వచ్చిన పిమ్మట చట్రము, గోడలు, కప్పు కలిసి ఒకే గొట్టమువలె బరువును మోయసాగినవి. 1955లో పెరంబూరున ప్రారంభమైన కర్మాగారము స్విస్ నమూనాపై ఇట్టి పెట్టెలనే నిర్మించినది. అయినను పక్క బఫర్లు, మరలకొక్కెము గల ఈ పెట్టెలు గట్టి తాకిడికి ఒకదానిపై ఒకటి ఎక్కు ప్రమాదము మిగిలియుండెను. తరువాత వచ్చిన జర్మను నమూనా పెట్టెలలో మధ్యనున్న బిగువైన కొక్కెము ఈ ఎక్కుడును అరికట్టుటకు తోడ్పడును. పాత నమూనా పెట్టెల నిర్మాణమును పెరంబూరులో 2018 జనవరిలో నిలిపివేసిరి.

కాని కొత్తచెరువు పాఠము వేరు. ఉక్కు మండదు; లోపలి పరుపులు, తెరలు, పలకలు మండును. మూసిన కిటికీల ఏసీ పెట్టెలో పొగ త్వరగా నిండును. అందలి కార్బన్ మోనాక్సైడు రక్తములోని హీమోగ్లోబినుతో కలిసి ఆక్సిజనును అందనీయదు. నిద్రించువారికి ఇది మరింత ప్రమాదకరము. అందుచేతనే పొగను పసిగట్టి హెచ్చరించు పరికరములు, సులభముగా మండని లోపలి సామగ్రి, అత్యవసర ద్వారములు అవసరమైనవి.

దేహము దృఢముగా నున్నంత మాత్రమున ప్రయాణికునికి రక్షణ లభించదు. ఢీకొన్నపుడు దేహము లోపలి చోటును కాపాడవలెను. మంట లేచినపుడు ఆ చోటు నుండి వెలుపలికి దారి ఉండవలెను.