బస్తర్ నల్లరాయి, లండన్ జాబితా

రైస్ పుల్లింగ్ మోసం గురించి మీరు వినే ఉంటారు. పాత రాగి చెంబు బియ్యపు గింజల్ని లాక్కుంటుందనీ, విదేశీ సంస్థలు కోట్లు పోసి కొంటాయనీ నమ్మించి, రేడియేషన్ పరీక్షల పేరుతో డబ్బు గుంజుతారు. "అణు" అనే మాట వినగానే మనం ఆలోచించడం మానేస్తాం. వాళ్ళ పెట్టుబడి అదే.

అదే మాట బస్తర్ రాళ్ళకూ అంటుకుంది, అయితే చట్టం ద్వారా. 1970లలో కాటేకల్యాణ్, తోంగ్‌పాల్ ప్రాంతాల్లో తగరపు ఖనిజం బయటపడింది. దానితోపాటు కొలంబైట్-టాంటలైట్ అనే బరువైన నల్లరాయి కూడా దొరుకుతుంది. అందులోని ముఖ్య లోహాలు నియోబియం, టాంటలం. వాటితో బాంబు చేయలేరు. అయినా 2023 సవరణ దాకా మన గనుల చట్టం వాటిని అణు ఖనిజాల జాబితాలోనే ఉంచింది.

మరి టాంటలంతో అణు ప్రమాదమే లేదా? ఉంది. అయితే అది రాయి దశలో కాదు. ఆ సంగతి తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

1974 మే 18న పోఖ్రాన్‌లో మనం అణుపరీక్ష జరిపాం. అందులో వాడిన ప్లుటోనియం, శాంతియుత అవసరాల కోసమని కెనడా ఇచ్చిన రియాక్టర్‌లో తయారైంది. దాంతో ఉలిక్కిపడిన ఏడు దేశాలు 1975లో లండన్‌లో సమావేశమయ్యాయి. అణు సరఫరాదారుల బృందం అలా పుట్టింది. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఇరాక్ రహస్య కార్యక్రమం బయటపడింది. మామూలు పరిశ్రమల్లో వాడే పరికరాలు కూడా అందుకు పనికొచ్చాయని తేలింది. అందుకే 1992లో, రెండు రకాలుగానూ పనికొచ్చే వస్తువులకు మరో జాబితా తయారైంది.

ఆ జాబితాలో టాంటలం మూస ఉంది. కంసాలి బంగారం కరిగించే మూస లాంటిదే, కాకపోతే ఇది కరిగిన ప్లుటోనియాన్ని తట్టుకుంటుంది. శుద్ధి 99.9 శాతం, పరిమాణం 50 మిల్లీలీటర్ల నుంచి 2 లీటర్లు అని కొలతలతో సహా రాశారు. మనం ఆ బృందంలో సభ్యులం కాకపోయినా, మన ఎగుమతి నియంత్రణ జాబితా దాన్నే అనుసరిస్తుంది.

చూశారా తేడా? శాస్త్రం కొలిచి కాపలా కాస్తుంది. భయానికి కొలత తెలియదు. దళారులు ఖనిజాన్ని చవగ్గా కొని దాటించడం బస్తర్‌లో పాత సమస్య. వాగులో ఖనిజం కడిగే ఆదివాసీకి కావలసింది సరైన తూకం, సరైన ధర. అతని గంపను చూసి "యురేనియం" అని కేకలు వేస్తే లాభపడేది దళారులే.

ఈసారి ఎవరైనా "అణు పదార్థం" అంటే మూడు ప్రశ్నలు వేయండి: ఏ మూలకం? ఎంత శుద్ధి? ఎంత బరువు?