ఏనెబావి

ఏనెబావి జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని చిన్న పల్లె. ఊరంతా కలిసి రసాయనిక ఎరువులు, పురుగుమందులు మానేసిన తొలి తెలుగు గ్రామాల్లో ఒకటిగా దీనికి పేరు. 1990లలో ఆముదం చేలను ఎర్ర గొంగళి పురుగు ఊడ్చేసింది. మందులు కొట్టినా చావని ఈ పురుగుకు విరుగుడు దాని పుట్టుకలోనే దొరికింది: వేసవి లోతుదుక్కితో నేలలోని పురుగు కోశాలు ఎండకు మాడతాయి, తొలకరి రాత్రుల్లో చేలగట్లపై వేసే మంటలకు రెక్కల పురుగులు వచ్చి పడతాయి. జనగామలోని క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం రైతులకు తోడుగా నిలిచాయి. 2006 నాటికి ఊరు పూర్తిగా సేంద్రియ సాగుకు మళ్లింది.

వాడే సరుకు పెరట్లోదే. 5 కిలోల వేపగింజల పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెడతారు. తెల్లారి పిండి వడగట్టి, నీళ్లు కలిపి 100 లీటర్లు చేసి చల్లుతారు. అందులోని అజాడిరక్టిన్ వల్ల పురుగు ఆకు తినడం మానేస్తుంది. చెరువు పూడిక మట్టి, పశువుల పేడ, మూత్రం ఎరువులు. పశువులు లేని ఇంటికి మాత్రం ఈ సాగు కష్టమే. ఒక్క చేను మానితే పక్క చేని మందు గాలికి వచ్చి పడుతుంది కాబట్టి, ఇక్కడ నిర్ణయం ఊరిదే.